పది నెలల ఇంటర్న్‌షిప్, 34 మంది విద్యార్థులు: ఒక అధ్యాపకురాలిగా నా అనుభవం

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలో, మార్కాపురానికి దగ్గరలో ఉన్న ఒక డిగ్రీ కళాశాలలో నేను కామర్స్ బోధిస్తున్నాను. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, మూడేళ్ల చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. ఆ ఏడాది మా దగ్గర బీకాంలో చేరిన 34 మందికి నన్ను మెంటర్‌గా, అంటే దగ్గరుండి నడిపించే అధ్యాపకురాలిగా వేశారు. మొదటి సంవత్సరం పూర్తయ్యాక రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం పూర్తయ్యాక రెండు నెలలు స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, మూడో సంవత్సరం ఐదో సెమిస్టరులోనో ఆరో సెమిస్టరులోనో పూర్తిగా ఒక పనిచోట ఉండి నేర్చుకోవడం అన్నది ఆ ఏర్పాటు. మొదటి రెండింటికీ 180 గంటల చొప్పున, నాలుగేసి క్రెడిట్లు. సెమిస్టరు మొత్తం సాగేదానికి 12 క్రెడిట్లు. కాగితం మీద ఇంతే. ఆ 34 మందితో మూడేళ్లపాటు దీన్ని నడిపించినప్పుడు ఏం జరిగిందో, ఇప్పుడు ఇదే పనిలోకి కొత్తగా దిగుతున్న అధ్యాపకులకూ, పిల్లల్ని డిగ్రీలో చేర్పించిన తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఈ నిర్ణయం వచ్చినప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల మా ప్రాంతంలో పలకల గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, మిర్చి కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లేవాళ్ల పిల్లలు కాలేజీ మెట్లెక్కారు. అది చాలా పెద్ద మార్పు. అయితే మూడేళ్లు చదివి ప్రథమ శ్రేణిలో పాసైన విద్యార్థి ఒక కొట్లో కూర్చుని బిల్లు పుస్తకం చూసి పద్దు రాయలేకపోవడం నేను ఏటా చూస్తూ వచ్చాను. జర్నల్ ఎంట్రీకి సూత్రం ఒప్పజెప్పేవారు, రసీదు చేతిలో పెడితే అది ఎవరు ఎవరికి ఇచ్చిందో తేల్చుకోలేకపోయేవారు. తప్పు పిల్లలది కాదు. మేం వాళ్లకు రసీదు చూపించలేదు. జాతీయ విద్యావిధానం 2020 జూలైలో వచ్చి, 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు ఏదో ఒక వృత్తి విద్యతో పరిచయం ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. దేశమంతా అదే దిశలో ఆలోచిస్తున్న సమయంలో మన రాష్ట్రం ఏకంగా పది నెలలు కేటాయించడం చిన్న విషయం కాదు.

కానీ ఆ పది నెలలు ఎక్కడ గడపాలన్న ప్రశ్నకు జవాబు, కాలేజీ ఉన్న ఊరిని బట్టి మారిపోతుంది. విశాఖపట్నంలోనో విజయవాడలోనో ఉన్న కాలేజీకి చుట్టూ పరిశ్రమలు, ఆడిటర్ల కార్యాలయాలు, ఆసుపత్రులు, గిడ్డంగులు ఉంటాయి. మాకు ఉన్నవి పలకల యూనిట్లు, ఎరువుల దుకాణాలు, కొన్ని బ్యాంకు శాఖలు, సహకార సంఘాలు, వ్యాపారుల పన్ను లెక్కలు చూసే ట్యాక్స్ ప్రాక్టీషనర్ల ఆఫీసులు నాలుగు. నిబంధన మాత్రం అందరికీ ఒక్కటే.

మొదటి విడత అయిన సామాజిక సేవా ప్రాజెక్టు గురించి మా స్టాఫ్ రూమ్‌లో పెద్దగా ఆశలు లేవు. కామర్స్ విద్యార్థులు ఊళ్లో సర్వే చేస్తే ఏమొస్తుందన్నారు. మార్గదర్శకాల ప్రకారం విద్యార్థి తన నివాసానికి దగ్గరున్న ఊరినో వాడనో ఎంచుకుని, ముందు కుటుంబాల సామాజిక ఆర్థిక పరిస్థితులపై సర్వే చేయాలి. తరువాత ఒక సమస్య మీద అవగాహన కార్యక్రమం నడపాలి. చివరికి దాని మీద చిన్న ప్రాజెక్టు నివేదిక రాయాలి. ప్రతిరోజూ ఏం చేశారో లాగ్‌బుక్‌లో నమోదు చేయాలి. నా విద్యార్థుల్లో చాలామంది తాగునీటిని ఎంచుకున్నారు. ఫ్లోరైడ్ నీళ్లతో తరతరాలుగా బాధపడుతున్న ప్రాంతం కాబట్టి అది సహజమే. వాళ్ల నివేదికలు ఒకదానికొకటి నకళ్లలా ఉన్నాయి.

పెద్దారవీడు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం తన తల్లి సభ్యురాలిగా ఉన్న పొదుపు సంఘం లెక్కల్ని తీసుకుంటానని చెప్పింది. నేను ఒక ఆదివారం ఆ ఊరు వెళ్లాను. బడి పక్కన వేపచెట్టు కింద ఏడెనిమిది మంది ఆడవాళ్లు పాలిథీన్ కవర్లలో చుట్టిన పాస్‌బుక్కులు పట్టుకుని కూర్చున్నారు. ఒక పెద్దావిడ, "నేను కట్టిందెంతో, ఇంకా ఎంతుందో చెప్పమ్మా, అంతే నాకు కావాల్సింది" అంది. సంఘం మొత్తానికి తీసుకున్న బ్యాంకు రుణంలో ఏ నెల ఎంత జమ అయిందో పుస్తకంలో ఉంది గానీ, ఒక్కొక్క సభ్యురాలి వంతు ఎంతన్నది విడిగా లేదు. మా అమ్మాయి పాత క్యాలెండరు కాగితం వెనక గళ్లు గీసుకుని లెక్క మొదలుపెట్టింది. కొంతదూరం వెళ్లాక ఆగిపోయింది. సభ్యులు తమలో తాము ఇచ్చుకున్న అప్పుకు "నూటికి రూపాయి" అంటున్నారు. తనకు తరగతిలో నేర్పింది సంవత్సరానికి 12 శాతం. ఈ రెండూ ఒకటేనని తనకు తట్టలేదు. నేను చెప్పలేదు. పక్కన కూర్చున్న ఆవిడే, "నెలకు నూటికి రూపాయంటే ఏడాదికి పన్నెండు రూపాయలు కదమ్మా" అంది. ఆ అమ్మాయి తల పైకెత్తి నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. తగ్గుతున్న నిల్వ మీద వడ్డీ లెక్కగట్టడం ఆమెకు పరీక్షలో వచ్చు. అది తన తల్లి మోస్తున్న అప్పు లెక్కేనని ఆ చెట్టు కిందే తెలిసింది. సాయంత్రానికి ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం, తెలుగులో, అసలు, వడ్డీ, కట్టింది, మిగిలింది అని నాలుగు వరుసలు రాసి ఇచ్చింది. పెద్దావిడ తన కాగితాన్ని మడిచి పాస్‌బుక్కులో పెట్టుకుంది.

ఆ పని నివేదికలోకి ఎలా వెళ్లిందో కూడా చెప్పాలి. నివేదికలు ఇంగ్లీషులో ఉండాలని మాకు వచ్చిన సూచన. తెలుగులో ఎంతో చక్కగా వివరించగల ఆ అమ్మాయి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి సంఘ సభ్యులకు వడ్డీ లెక్కపై అవగాహన కల్పించడమైనది అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యంతో ముగించింది. ఆ వాక్యం చూసి మార్కులు వేసేవారికి వేపచెట్టు కనిపించదు. ఇంగ్లీషు నేర్పవద్దని నేను అనను. మా పిల్లలకు ఇంగ్లీషు ఎంత అవసరమో నాకు తెలుసు. అయితే పనిని పరిశీలించి రాసుకునే లాగ్‌బుక్ ముందు తెలుగులో ఉండి, దాని నుంచి ఇంగ్లీషు నివేదిక తయారుచేయించి ఉంటే, రెండూ నేర్చుకునేవారు. తరువాతి బ్యాచ్ నుంచి నేను నా విద్యార్థుల చేత విడిగా ఒక తెలుగు నోటుపుస్తకం రాయిస్తున్నాను. దానికి మార్కులు లేవు, అయినా రాస్తున్నారు.

రెండో విడత గురించి చెప్పుకోవడానికి తక్కువే ఉంది. స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్‌ను చాలామంది ఆన్‌లైన్ కోర్సులతో పూర్తిచేశారు. ఇంట్లో ఒక్కటే ఫోను, అదీ తమ్ముడి పాఠాలకు కావాలి. వీడియోలు ముందుకు జరిపి, చివర వచ్చే ప్రశ్నలకు స్నేహితుల నుంచి జవాబులు తెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ 180 గంటలు ఎలా గడిచాయని అడిగితే, సర్టిఫికెట్ చూపించడం తప్ప ఒక్కరూ తాము చేసిన ఒక పని గురించి చెప్పలేకపోయారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మూడో సంవత్సరం మొదట్లో, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు ఇస్తామంటూ ఒక సంస్థ నుంచి నాకొక ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ పిల్లలెవరూ ఎక్కడికీ రానక్కర్లేదు. తలా కొంత కట్టిస్తే లాగ్‌బుక్కులు కూడా మేమే నింపి పంపిస్తాం" అన్నాడు అవతలి వ్యక్తి. నేను ఫోన్ పెట్టేశాను. వారం తిరక్కుండానే, నా 34 మందిలో తొమ్మిది మంది అప్పటికే డబ్బు కట్టేశారని తెలిసింది. వాళ్లు తెచ్చిన లాగ్‌బుక్కులు టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూశాను. తొమ్మిదింట్లోనూ ఒకే రోజు ఒకే పని, ఒకే మాటల్లో ఉంది. ఆదివారాలు కూడా హాజరు వేసి ఉంది. ఆ సంస్థ ఏ ఊళ్లో ఉందో ఒక్కరికీ తెలియదు. వాటి మీద సంతకం పెట్టనని చెప్పాను.

మరునాడు ఒక అబ్బాయి తండ్రి కాలేజీకి వచ్చారు. పలకల యూనిట్లో పనిచేస్తారు, చేతుల మీద రాతిపొడి ఇంకా అలాగే ఉంది. "మేడమ్, అప్పు తెచ్చి కట్టాను. వాడు పొద్దున కాలేజీకొచ్చి, మధ్యాహ్నం నుంచి ఎరువుల కొట్లో పనిచేస్తన్నాడు. ఆ డబ్బులే మా ఇంటికి ఆధారం. ఇప్పుడు ఆర్నెల్లు జీతం లేని పనికి పొమ్మంటే ఎట్టా?" అన్నారు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ అబ్బాయి ఏడాదిన్నరగా నిజమైన పని చేస్తున్నాడు. ఆ పని మా లెక్కలోకి రాదనుకుని, చేయని పనికి డబ్బిచ్చి కాగితం కొన్నాడు.

ఆ సాయంత్రం నేను ఆ ఎరువుల కొట్టుకు వెళ్లాను. ఎరువుల సబ్సిడీకి నగదు బదిలీ విధానం వచ్చినప్పటి నుంచి రైతు వేలిముద్ర వేసి, ఆధార్ సరిపోయాకే యంత్రంలో అమ్మకం నమోదవుతుంది. యంత్రంలో చూపే నిల్వ, గోడౌన్లో ఉన్న బస్తాల సంఖ్య రెండూ కలవాలి, కలవకపోతే తనిఖీకి వచ్చినప్పుడు యజమానికి ఇబ్బంది. సీజన్లో రద్దీ ఎక్కువైనప్పుడు ముందు బస్తాలిచ్చి, తరువాత యంత్రంలో ఎక్కిస్తారు. అక్కడే తేడా వస్తుంది. ఆ అబ్బాయి ఈ తేడాని పట్టుకోవడానికి సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. అరువు మీద వెళ్లిన బస్తాలకు ఎర్ర ఇంకుతో, యంత్రంలో ఎక్కనివాటికి పక్కన సున్నా చుట్టి, రాత్రి కొట్టు మూసే ముందు సున్నాలన్నీ లెక్కబెట్టి గోడౌన్‌తో సరిచూసేవాడు. స్టాక్ రికన్సిలియేషన్, అంటే లెక్కలో ఉన్న నిల్వనూ చేతిలో ఉన్న సరుకునూ సరిచూడటం మీద నేను మూడు క్లాసులు చెప్పాను. అది వాడు నాకంటే బాగా చేస్తున్నాడు. నేను యజమానితో మాట్లాడి, ఆ కొట్టునే వాడి ఇంటర్న్‌షిప్ సంస్థగా రాయించి, కాలేజీ కమిటీలో వాదించి ఒప్పించాను. ఆరునెలల చివర వాడి లాగ్‌బుక్ మా బ్యాచ్ మొత్తంలో ఉత్తమమైనది.

ఆ తరువాత నేను ఒక నోటుపుస్తకం కొనుక్కుని, మధ్యాహ్నం క్లాసులు అయ్యాక వీధులు పట్టుకు తిరిగాను. ఎక్కడ ఎవరు ఉన్నారు, ఏం నేర్పగలరు, ఎంతమందిని తీసుకుంటారు అని రాసుకోవడం మొదలుపెట్టాను. బ్యాంకుల్లో ఖాతాదారుల వివరాల గోప్యత గురించి చెప్పి వద్దన్నారు, అది న్యాయమే. ఒక పలకల ఎగుమతిదారు, "మా లెక్కలు బయటి పిల్లలు చూస్తే ఎట్టాగమ్మా" అన్నారు. మరో పలకల ఎగుమతిదారు ఇంతకుముందు ఏదో కాలేజీ నుంచి వచ్చినవాళ్లు మొదటి రోజు ఒకసారి, చివరి రోజు సంతకానికి ఒకసారి మాత్రమే కనిపించారని చెప్పి కోప్పడ్డారు. ఆయన కోపంలో నిజముంది. మనం పంపే విద్యార్థి వల్ల ఆ సంస్థకు ఏ ప్రయోజనమూ లేకపోగా, కుర్చీ వేసి, ఒక మనిషి సమయం కేటాయించి, తప్పులు దిద్ది పంపాలి. ప్రభుత్వం వాళ్లకేమీ ఇవ్వదు. మంచితనం మీదే నడవాలి.

ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ నలుగురిని తీసుకుంటానన్నారు. మూడు షరతులు పెట్టారు. పొద్దున తొమ్మిదిన్నరకు ఉండాలి, ఆరునెలలు పూర్తిగా ఉండాలి, నెలలో మొదటి 20 రోజులు సెలవు అడగకూడదు. జీఎస్టీ తెలిసినవారికి ఈ 20 రోజుల సంగతి అర్థమవుతుంది. నెలవారీ రిటర్నుల్లో అమ్మకాల వివరాలు 11వ తేదీలోగా, పన్ను కట్టే 3బి రిటర్ను 20వ తేదీలోగా వెళ్లాలి. ఈ రెండింటి మధ్య 14వ తేదీన 2బి అనే పట్టిక వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. 2022 జనవరి నుంచి, అమ్మినవాడు చూపించని బిల్లు మీది పన్నును కొన్నవాడు తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేడు. ఆ తగ్గింపునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు.

పొదుపు సంఘం లెక్కలు చేసిన పెద్దారవీడు అమ్మాయే ఆ నలుగురిలో ఒకరు. మొదటి నెల ఆమె పని కొనుగోలు బిల్లుల్ని 2బితో సరిచూడటం. నేను వెళ్లిన రోజు ఆమె ఒక హార్డ్‌వేర్ షాపు బిల్లుల కట్ట ముందు కూర్చుని ఉంది. స్కేలు ఒకటి బిల్లుల వరుస మీద పెట్టి, ఒక్కో నంబరు చదువుతూ, కంప్యూటర్లో వెతుకుతూ కిందికి జరుపుతోంది. ఒక బిల్లు దగ్గర స్కేలు ఆగింది. బిల్లు చేతిలో ఉంది, డబ్బు కట్టినట్టు బ్యాంకులో ఉంది, పట్టికలో మాత్రం లేదు. రెండుసార్లు వెతికి, తన పొరపాటేమోనని కాసేపు నోరెత్తలేదు. తరువాత ఆఫీసాయన్ని పిలిచింది. ఆయన చూసి, "అమ్మినాయన ఎక్కించలేదు. ఫోన్ చేసి నువ్వే అడుగు" అన్నారు. ఆమె జీవితంలో మొదటిసారి ఒక వ్యాపారికి ఫోన్ చేసి, "సార్, మీ ఫలానా నంబరు బిల్లు మాకు 2బిలో రాలేదు, ఈ నెల రిటర్నులో చూపించగలరా?" అని అడిగింది. గొంతు వణికింది. అవతలి మనిషి విసుక్కున్నాడు గానీ, చూస్తానన్నాడు. ఫోన్ పెట్టాక నా వైపు తిరిగి, "ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటే ఇదా మేడమ్" అంది. క్లాసులో ఆ మాట మీద నేను రెండు పేజీల నోట్సు రాయించాను.

రెండో నెల నుంచి ఆ ప్రాక్టీషనర్ ఆ నలుగురికీ బస్సు ఛార్జీలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరూ అడగలేదు. నేను ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. బస్సు ఛార్జీయే మా విద్యార్థుల ఆరునెలల్ని నిర్ణయించింది. వాళ్ల విద్యార్థి పాస్ ఇంటి నుంచి కాలేజీకి వెళ్లే మార్గానికి ఇచ్చింది. ఇంటర్న్‌షిప్ మరో వైపు ఉంటే టికెట్ కొనాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంటు ఫీజుకు సరిపోయేది, వసతి కోసం అప్పట్లో ఇచ్చే సాయం ఇంటి ఖర్చుల్లో కలిసిపోయేది. రోజుకు రానూపోనూ ఛార్జీలు ఆరునెలలు భరించడం రోజుకూలీ కుటుంబానికి మామూలు భారం కాదు.

దోర్నాల వైపు ఒక ఊరి నుంచి వచ్చే అమ్మాయి విషయంలో నేను ఓడిపోయాను. చురుకైన పిల్ల. ఆమెకు నేను ఒక ఆసుపత్రి అకౌంట్స్ విభాగంలో చోటు చూశాను. సాయంత్రం ఆరుకు వదులుతారు, ఆమె ఊరికి ఆఖరి బస్సు ఐదుంపావుకు. గంట ముందు పంపమని ఆసుపత్రివారిని అడిగాను, ఒప్పుకున్నారు కూడా. అయినా వాళ్ల నాన్నగారు, "మేడమ్‌గారూ, ఒకరోజు బస్సు రాకపోతే పిల్ల ఎక్కడుంటది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. చివరికి సొంత ఊరి సహకార సంఘంలోనే చేసింది. అక్కడ తలుపు తీసేది వారానికి రెండు రోజులు. ఆరునెలల్లో ఆమె నేర్చుకున్నది రిజిస్టర్లకు అట్టలు వేయడం, రైతుల పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు వరుసలో పెట్టడం. లాగ్‌బుక్ నింపడానికి ఏం రాయాలో తెలియక నా దగ్గరకు వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. జరిగిందే రాయమన్నాను. రాసింది.

వైవా, అంటే మౌఖిక పరీక్ష రోజున నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. డబ్బు కట్టిన తొమ్మిది మందిలో ఐదుగురు నా మాట విని మళ్లీ వేరేచోట చేశారు. మిగిలిన నలుగురు ఇంకో ఆన్‌లైన్ సంస్థ నుంచి కాగితాలు తెచ్చారు. పైవారు వాటిని అంగీకరించారు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో, నిర్వచనాల మీద జరిగాయి. స్కేలు పెట్టి బిల్లులు సరిచూసిన అమ్మాయి, నిర్వచనం దగ్గర తడబడింది. కాగితం కొన్న అబ్బాయి నిర్వచనం కంఠస్థం చేసి అప్పజెప్పాడు. ఇద్దరికీ ఒకే గ్రేడు వచ్చింది. ఆమె ముందు ఒక బిల్లుల కట్ట పెట్టి ఉంటే పది నిమిషాల్లో తేడా తెలిసిపోయేది. వృత్తి నైపుణ్యాన్ని నోటిమాటతో పరీక్షించడం, ఈత వచ్చా అని ఒడ్డున నిలబెట్టి అడగడం లాంటిది.

డిగ్రీ అయ్యాక ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఉపాధి కోసమే ఇదంతా. ఎరువుల కొట్టు అబ్బాయి ఒక పురుగుమందుల పంపిణీదారు దగ్గర స్టాక్ చూసే ఉద్యోగంలో కుదిరాడు. పెద్దారవీడు అమ్మాయిని ఆ ప్రాక్టీషనరే జీతమిచ్చి ఉంచుకున్నారు. ఇద్దరు నేషనల్ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం పోర్టల్లో నమోదు చేసుకుని, అందులో ఒకరు శ్రీసిటీలోని ఒక సంస్థలో ఏడాది అప్రెంటిస్‌గా చేరారు. ఈ పథకం గురించి మా విద్యార్థుల్లో చాలామందికి తెలియదు, నాకే ఆలస్యంగా తెలిసింది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నడిచే ఏర్పాటు ఇది. మన ప్రాంతానికి చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. 2019 నిబంధనల్లో పట్టభద్రులకు కనీస స్టైపెండును నెలకు 9,000 రూపాయలుగా పెట్టారు, ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. అంటే నేర్పే సంస్థకూ, నేర్చుకునే విద్యార్థికీ ఇద్దరికీ ఆసరా ఉంది. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్‌ను భాగం చేసుకోవచ్చని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. ఒకవైపు చదువులో ఆరునెలలు ఏ స్టైపెండూ లేకుండా గడిపించి, చదువయ్యాక అదే పని నేర్చుకోవడానికి స్టైపెండు ఇస్తున్నాం. ఆ సాయంలో కొంత ఆరో సెమిస్టరులోకి జరిపినా, దోర్నాల అమ్మాయి తండ్రి అడిగిన ప్రశ్నకు మార్కాపురంలో ఒక హాస్టల్ గది రూపంలో జవాబు దొరికేది.

2023–24 నుంచి రాష్ట్రంలో నాలుగేళ్ల ఆనర్స్, సింగిల్ మేజర్ (ఒక్కటే ప్రధాన సబ్జెక్టు) విధానం వచ్చింది. ఇంటర్న్‌షిప్‌లు కొనసాగుతున్నాయి. అవి కొనసాగాలనే నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎత్తివేయమని అనేవాళ్లతో నేను ఏకీభవించను, ఎందుకంటే వేపచెట్టు కింద ఆ చూపు నేను చూశాను. కానీ ఈ విధానంలో గంటలు లెక్కపెట్టడానికి ఏర్పాటు ఉన్నంతగా, ఆ గంటల్లో నేర్పే మనిషికి ఏర్పాటు లేదు. నేను వీధుల్లో తిరిగిన సాయంత్రాలు, బస్సెక్కి వెళ్లి చూసిన ఆదివారాలు నా పనిభారంలో ఎక్కడా లేవు. అవి లేకపోతే నా తొమ్మిది మంది తొమ్మిది కాగితాలతో పాసయ్యేవారు. ఒక మెంటర్‌కు 34 మంది చాలా ఎక్కువ. నెలకు ఒక్కొక్కరిని ఒక్కసారి పనిచోట చూడాలన్నా, క్లాసులు చెబుతూ అది సాధ్యం కాదు. వారానికి కనీసం ఒక పూట పర్యవేక్షణకే కేటాయించి, దాన్ని బోధనగానే లెక్కించాలి. అలాగే విద్యార్థి అప్పటికే చేస్తున్న పనిని, అది ఎరువుల కొట్టయినా, టైలరింగ్ షాపయినా, మెంటర్ వెళ్లి చూసి నిర్ధారిస్తే ఇంటర్న్‌షిప్‌గా గుర్తించే వీలు నిబంధనల్లోనే ఉండాలి. నేను వాదించి సాధించింది ఒక్క అబ్బాయికి. అలాంటివాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. రెండుసార్లు అట్ట మార్చాను. ఈ ఏడాదికి అందులో 27 మందికి చోట్లున్నాయి, నా దగ్గర 41 మంది విద్యార్థులున్నారు. కోప్పడిన పలకల ఎగుమతిదారు కిందటేడు ఇద్దరిని తీసుకుని, ఈసారి ముగ్గురు కావాలన్నారు. విదేశాలకు వెళ్లే రాతి సరుకుకు కాగితాలు తయారుచేయడం నేర్పుతున్నారు. ఇంకా 14 మందికి చోటు చూడాలి. గిద్దలూరులో ఇద్దరు ఆడిటర్లు, కంభంలో ఒక రైసుమిల్లు ఉన్నాయని మా సహోద్యోగి చెప్పారు. సోమవారం మధ్యాహ్నం బస్సుకు వెళుతున్నాను.